విశాఖలో వార్డు సిబ్బందికీ కార్పొరేటర్లకూ వాతావరణ మార్పుపై శిక్షణ ఎలా ఇవ్వాలి

ధ్రువాల దగ్గర మంచు కరుగుతున్న ఫొటోతో శిక్షణ మొదలుపెట్టకండి. జోనల్ ఆఫీసు మీటింగ్ హాల్లో కూర్చున్న ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కి), శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి, వార్డు సచివాలయాల నుంచి వచ్చిన సెక్రటరీలకి, ఫోన్ మోగినప్పుడల్లా లేచి బయటికి వెళ్లాల్సి వచ్చే కార్పొరేటర్‌కి ఆ ఫొటోతో పని లేదు. వాళ్ల వార్డు మ్యాపు పెద్దగా ప్రింట్ తీయించి గోడకి అంటించండి, అందులో గెడ్డలు, అంటే కొండల నుంచి దిగే వాగులు, నీలం రంగులో కనబడాలి. పది నిమిషాల్లో ఎవరో ఒకరు లేచి "అక్కడ కాదండీ నీళ్లు నిలిచేది, కల్వర్టుకి ఇంకాస్త కింద" అంటారు, ఇంకొకరు కాదంటారు, వాదన మొదలవుతుంది. శిక్షణ అప్పుడు మొదలైనట్టు.

జీవీఎంసీలో (మహా విశాఖ నగర పాలక సంస్థలో) గానీ చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో గానీ ఇలాంటి శిక్షణ పెట్టే బాధ్యత మీ మీద పడితే, మీరు ఆఫీసరైనా, కాలేజీ లెక్చరరైనా, స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నా, ఇది మీ కోసమే రాస్తున్నాను. నా నమ్మకం ఏమిటంటే, వాతావరణ మార్పు గురించి మన సిబ్బందికి తెలియక కాదు సమస్య, ఉక్కపోత పెరిగిందనీ వాన పడే తీరు మారిందనీ అందరికంటే ముందు వాళ్లకే తెలుసు. ఆ తెలిసింది ఎస్టిమేట్‌లోకీ, కౌన్సిల్ ఎజెండాలోకీ, ప్లాన్ అప్రూవల్‌లోకీ రావడం లేదు. కాబట్టి శిక్షణ ఎంత బాగా జరిగిందో చప్పట్లతోనో ఫీడ్‌బ్యాక్ ఫారంతోనో కొలవకండి, ఆ తర్వాత ఎన్ని ఫైళ్లు కదిలాయో చూడండి.

ఎవరిని పిలవాలి, ఎప్పుడు పిలవాలి

2021లో జీవీఎంసీ ఎన్నికలు 98 వార్డులకు జరిగాయి. దానికి ముందు 2012 నుంచి దాదాపు తొమ్మిదేళ్లు నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు, అంటే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడిన రోజున వార్డుల్లో కార్పొరేటర్లు లేరు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కార్పొరేటర్ హోదాలో ఒక పెద్ద తుఫానును ఎదుర్కొన్న అనుభవం మన దగ్గర చాలా తక్కువ. ఆఫీసర్లకి ఉన్న అనుభవం బదిలీలతో ఊళ్లు దాటి పోయింది. ఇప్పుడు ఆ జ్ఞాపకం మిగిలింది వర్క్ ఇన్‌స్పెక్టర్ల దగ్గర, పారిశుధ్య మేస్త్రీల దగ్గర, పంపు ఆపరేటర్ల దగ్గర, కాలనీలో ముప్ఫై నలభై ఏళ్లుగా ఉంటున్న పెద్దవాళ్ల దగ్గర. వాళ్లను తప్పకుండా పిలవండి, పిలిచి వెనక కుర్చీల్లో కూర్చోబెట్టకండి, మాట్లాడనివ్వండి.

సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబర్ 2న మొదలైంది, అప్పుడు పెట్టిన పోస్టుల్లో ఎమినిటీస్ (సదుపాయాలు), ప్లానింగ్, హెల్త్, ఎనర్జీ వాళ్లతో పాటు శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ కూడా ఉన్నారు. పర్యావరణం అనేది పోస్టు పేరులోనే ఉన్న ఉద్యోగి వార్డు స్థాయిలో ఉండటం మామూలు విషయం కాదు, కానీ వాళ్ల రోజంతా చెత్త బండ్ల లెక్కలతో, ఫిర్యాదులతో గడిచిపోతుంది. శిక్షణకి అసలు మనుషులు వీళ్లు.

ఆఫీసర్లకి ఒక రోజు, కార్పొరేటర్లకి ఇంకో రోజు అని విడగొట్టే అలవాటు ఉంది, దాన్ని మానేయండి. విడిగా కూర్చుంటే కార్పొరేటర్ "ఆఫీసర్లు చేయరు" అంటారు, ఆఫీసర్ "రాజకీయ ఒత్తిడి" అంటారు, ఇద్దరూ ఇంటికి వెళ్లిపోతారు. ఒక వార్డు వాళ్లందరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి, ఒక విడతకి ఐదారు వార్డులకి మించి వద్దు. కౌన్సిల్ సీట్లలో సగం మహిళలవి కాబట్టి ఇంకొక సంగతి కచ్చితంగా చూడాలి. కార్పొరేటర్ మహిళ అయితే ఆమే రావాలి, ఆమే కూర్చోవాలి, భర్తో అన్నో వస్తే మర్యాదగా టీ ఇచ్చి బయట కూర్చోమనండి. ఆహ్వానం ఆమె ఫోన్‌కే వెళ్లాలి, సమయం కూడా ఆమెని అడిగి పెట్టాలి. నీళ్ల కుళాయి ఎప్పుడొస్తుందో, రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఎలా ఉంటుందో టేబుల్ దగ్గర అందరికంటే బాగా చెప్పగలిగేది సాధారణంగా ఆమే.

ఇక ఎప్పుడు అంటే, డిసెంబర్ లేదా జనవరి. అక్టోబర్, నవంబర్‌లో అల్పపీడనాలు, వాయుగుండాలు, కంట్రోల్ రూమ్ డ్యూటీలు, ఎవరికీ తీరిక ఉండదు. మే నెలలో పెడితే కాలువల పూడికతీత అప్పటికే కాంట్రాక్టర్ చేతికి వెళ్లిపోయి ఉంటుంది. డిసెంబర్, జనవరి అయితే వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్ ప్రతిపాదనలు తయారవుతుంటాయి, హాల్లో అనుకున్నది కాగితం మీద పెట్టడానికి దారి ఉంటుంది.

సైన్స్ అరగంట చాలు, కానీ సరిగ్గా చెప్పాలి

నాలుగు విషయాలు చెప్పండి. ఒకటి, 1850-1900 మధ్య కాలంతో పోలిస్తే 2011-2020 దశాబ్దానికి భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు పెరిగింది, కారణం బొగ్గు, పెట్రోలు, డీజిల్, గ్యాస్ కాల్చడం, అడవులు నరకడం. రెండు, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, అందుకే వాన పడే రోజులు పెరగకపోయినా పడితే కుండపోతగా పడుతుంది. మన ఇంజినీర్లకి ఈ ఒక్క ముక్క చాలా ముఖ్యం, ఎందుకంటే కాలువ సైజు లెక్క వేసేది గంటకి ఎంత వాన అన్న దాని మీదే. మూడు, 1901 నుంచి 2018 లోపు ప్రపంచవ్యాప్తంగా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ వేగం కూడా పెరుగుతోంది, 2006-2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు పెద్ద వాన పడితే గెడ్డ నీళ్లు సముద్రంలోకి దిగవు, వెనక్కి తంతాయి, కాబట్టి ఆ సెంటీమీటర్లను చిన్నచూపు చూడకండి. నాలుగు, వేడి. దాని గురించి కింద విడిగా రాస్తాను.

అరగంటలో ఇంకొక పని కూడా చేయాలి, నిజాయితీగా హద్దు గీయాలి. ప్రతి నష్టానికీ వాతావరణ మార్పే కారణం అనకండి. రామకృష్ణా బీచ్ కోతనే తీసుకోండి. మన తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది, డాల్ఫిన్స్ నోస్ దగ్గర 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు ఆ కదలికకి అడ్డు పడ్డాయి, అందుకే పోర్టు డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్‌లో పోస్తూ ఉండాల్సి వస్తోంది. సముద్ర మట్టం పెరగడం ఆ సమస్యని ఇంకా ముదురుస్తుంది, కానీ మొదటి కారణం అది కాదు. అలాగే కాలనీ మునిగిందంటే వాన ఎంత కారణమో గెడ్డని పూడ్చి కట్టిన అపార్ట్‌మెంట్ ప్రహరీ కూడా అంతే కారణం. ఈ తేడా చెప్పకపోతే వాతావరణ మార్పు అందరికీ మంచి సాకుగా మారుతుంది, "ప్రకృతి వైపరీత్యం అండీ, మనం ఏం చేస్తాం" అనేస్తారు. తేడా చెబితే ఎవరి చేతిలో ఏముందో తేలుతుంది.

గెడ్డ వెంట నడవండి

మొత్తం శిక్షణలో దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి, హాల్లో గడిపే టైమ్ తగ్గించి అయినా సరే. విశాఖ కొండల మధ్య ఉన్న ఊరు. ఉత్తరాన కైలాసగిరి, కంబాలకొండ, దక్షిణాన యారాడ కొండ. కొండ మీద పడిన వాన నిమిషాల్లో కిందికి దూకుతుంది, కొంత నేరుగా సముద్రంలోకి, కొంత మేఘాద్రి గెడ్డ వైపు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది, మనకి వంద కిలోమీటర్లకు పైగా దూరం, అయినా ఆ రాత్రి వానకి విశాఖలో కాలనీలు మునిగాయి, ఎయిర్‌పోర్టు దగ్గర నీళ్లు నిలిచాయి. తుఫాను మన దగ్గర తీరం దాటితేనే మనకి ప్రమాదం అనుకునే వాళ్లకి ఈ ఉదాహరణ చెప్పండి.

నడక పొద్దున ఆరున్నరకి పెట్టండి. కార్పొరేటర్, ఏఈ, ఎమినిటీస్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ, మేస్త్రీ, కాలనీ నుంచి ఒక పెద్దావిడో పెద్దాయనో, ఇంతమంది చాలు. కొండ దిగువన గెడ్డ మొదలయ్యే చోటు నుంచి అది పెద్ద కాలువలో కలిసే వరకు నడవాలి, కార్లు వద్దు. దారిలో మూడు ప్రశ్నలే అడగండి. వెడల్పు ఎక్కడ తగ్గింది? నీళ్లు గోడ మీద ఎంత ఎత్తుకి వచ్చాయి? ఇక్కడ అడ్డు పడేది మట్టా, చెత్తా, కట్టడమా? రెండో ప్రశ్నకి కాలనీవాళ్లు నడుము దగ్గరో మోకాలి దగ్గరో చేయి పెట్టి చూపిస్తారు, అప్పుడు టేపుతో కొలిచి, ఇంటివాళ్లని అడిగి, గోడ మీద పెయింట్‌తో గీత గీసి, ఏ ఏడాదో రాయండి. ఆ గీత ఉన్న చోట ఇంజినీర్‌కి వేరే సాక్ష్యం అక్కర్లేదు, రేపు కొత్త ఏఈ వచ్చినా ఆ గీత ఉంటుంది.

మూడో ప్రశ్న దగ్గర గొడవలు వస్తాయి, రానివ్వండి. మట్టి అయితే పైన కొండ తవ్వుతున్నారని అర్థం, పూడిక తీసినంత మాత్రాన లాభం లేదు, తవ్వకం ఆపాలి. చెత్త అయితే ఆ పక్క వీధిలో బండి ఏ టైమ్‌కి వస్తోందో చూడాలి, పనికి వెళ్లిపోయాక వస్తే చెత్త గెడ్డలోకే పోతుంది. కట్టడం అయితే జాగ్రత్త. గెడ్డ గట్టు మీద ఉండేది ఎక్కువగా పేదవాళ్లు, వాళ్ల ఇళ్ల దగ్గర మొదలుపెడితే కార్పొరేటర్ నోరు మూసుకుపోతుంది, అది సహజం. ముందు ఇరుకు కల్వర్టులు, కాలువలో అడ్డంగా వేసిన పైపులు, గెడ్డ స్థలంలోకి జరిగిన పెద్ద బిల్డింగుల ప్రహరీలు, వీటి లిస్టు రాయించండి. పేదల ఇళ్ల మాట వచ్చినప్పుడు ప్రత్యామ్నాయ ఇల్లు ఎక్కడ, ఎంత దూరంలో, పిల్లల బడి ఏమవుతుంది అన్నది కూడా అదే కాగితం మీద ఉండాలి. అది లేకుండా కూల్చివేత గురించి శిక్షణలో మాట్లాడటం నాకు సమ్మతం కాదు.

ఏఈలతో విడిగా ఒక పావుగంట కూర్చోండి. ఈ కాలువ డిజైన్‌కి ఏ సంవత్సరాల వాన లెక్క వాడారు అని అడగండి. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో వర్షపు నీటి కాలువల మీద మాన్యువల్ తెచ్చింది, పాత వాన లెక్కతో కాకుండా ఇటీవలి వాన వివరాలతో లెక్క వేయడానికి అది ఆధారంగా పనికొస్తుంది. ఎస్టిమేట్ పెరిగితే ఆడిట్ వాళ్లు అడుగుతారన్న టెన్షన్ వాళ్లకి నిజంగా ఉంటుంది, ఆ మాన్యువల్‌లో సంబంధిత పేజీని ఫైలుకి జత చేస్తే వాళ్లకి ధైర్యం వస్తుంది.

ఫోన్లు పక్కన పెట్టి తుఫాను ఆడించండి

హుద్‌హుద్ రోజు కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. కాబట్టి అభ్యాసం కూడా అలాగే ఉండాలి. అందరి ఫోన్లూ ఒక బుట్టలో పెట్టించి, "సాయంత్రం నాలుగైంది, వాతావరణ శాఖ (ఐఎండీ) మన జిల్లాకి రెడ్ అలర్ట్ ఇచ్చింది, రాత్రికి తీరం దాటుతుంది" అని చెప్పండి. ఇప్పుడు వార్డు టీమ్ కాగితం మీద రాయాలి: మంచం పట్టిన వాళ్లు, డయాలసిస్ వాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఏ వీధిలో ఉన్నారు, కొండవాలు మీద రిటైనింగ్ వాల్ లేని ఇళ్లు ఏవి, షెల్టర్‌గా వాడే స్కూలు తాళం ఎవరి దగ్గర ఉంది, ఆ స్కూల్లో ఆడవాళ్ల బాత్రూమ్‌లో నీళ్లు వస్తాయా, చెట్టు కోసే రంపం ఎక్కడుంది, దానికి పెట్రోల్ ఉందా. తాళం దగ్గరే చాలా టీమ్‌లు ఆగిపోతాయి. జాలరిపేటలు ఉన్న వార్డులకైతే వేటకి వెళ్లిన బోట్ల సంగతి, ఒడ్డున కట్టేసిన బోట్ల సంగతి కూడా రాయాలి, అక్కడి సంఘం పెద్దలు వచ్చి చెబితేనే ఆ భాగం సరిగ్గా వస్తుంది.

ఎల్లో, ఆరెంజ్, రెడ్ అంటే ఏమిటో కూడా అప్పుడే చెప్పండి: ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే పనిలోకి దిగండి. మనకి తుఫాను హెచ్చరిక కేంద్రం విశాఖలోనే ఉంది. అక్కడి శాస్త్రవేత్తని ఒక గంట రమ్మని ముందుగా లెటర్ రాస్తే మంచిది, హెచ్చరికలో అంచనా ఎంతవరకు కచ్చితం, ఎంతవరకు కాదు అన్నది వాళ్ల నోటితో వినాలి.

వేడి గురించి

మన సిబ్బంది వేడిని విపత్తుగా చూడరు, ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకి వెయ్యి మందికి పైగా చనిపోయారు. తీర ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే ఐఎండీ దాన్ని వడగాడ్పుగా లెక్కిస్తుంది, మైదాన ప్రాంతాల్లో అయితే 40 నుంచి మొదలు. తీరానికి అంకె తక్కువ పెట్టారు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రాత్రి కూడా ఉక్కపోత తగ్గకపోతే రేకుల ఇంట్లో పడుకునే ముసలివాళ్లకి శరీరం కోలుకునే సమయమే దొరకదు.

ఈ భాగం పారిశుధ్య కార్మికులతో చెప్పించండి. ఏ గంటకి తల తిరుగుతుంది, నీళ్లు ఎక్కడ తాగుతారు, చేతిలో బాటిల్ ఉన్నా బాత్రూమ్ దొరకదని ఆడవాళ్లు తాగకుండా ఉండిపోవడం, ఇవన్నీ హాల్లో అందరి ముందూ చెప్పాలి. ఆ తర్వాత పని ఏమిటో వెంటనే తేలుతుంది: వేసవిలో షిఫ్ట్ ముందుకి జరపడం, ప్రతి మస్టర్ పాయింట్ (హాజరు వేసే చోటు) దగ్గర నీడ, నీళ్లు, ఓఆర్‌ఎస్, బాత్రూమ్. చలివేంద్రాలు మనవాళ్లు బాగానే పెడతారు, అయితే ప్రారంభోత్సవానికి అనువైన చోట కాకుండా పూర్ణా మార్కెట్‌లో మూటలు మోసేవాళ్లు, గాజువాకలో పొద్దున కూలి పనికి నిలబడేవాళ్లు, ఆటో స్టాండులు, బస్టాపులు ఉన్న చోట పెట్టాలి, మే నెలాఖరు దాకా అందులో నీళ్లుండాలి. రేకుల మీద, స్లాబుల మీద తెల్ల సున్నం వేయడం లాంటి చవక పనులు అంగన్‌వాడీల దగ్గర, సచివాలయ భవనాల దగ్గర మొదలుపెట్టవచ్చు. చెట్ల విషయంలో హుద్‌హుద్ తర్వాత మనం చూసిందే చెప్పండి, తొందరగా పెరుగుతాయని పెట్టినవి చాలా కూలిపోయాయి. వేప, కానుగ లాంటివి పెట్టి, వేళ్ల చుట్టూ సిమెంట్ పోయకుండా చూసుకోవాలి.

"పొగ వదిలేది పెద్ద ఫ్యాక్టరీలు, నా వార్డు ఏం చేస్తుంది?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, న్యాయమైన ప్రశ్న. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, పోర్టు జీవీఎంసీ చేతిలో లేవు, అది ఒప్పుకోండి. కానీ ఏలేరు రిజర్వాయర్ నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో వచ్చే నీటిని ఊళ్లోకి పంప్ చేసే కరెంటు, వీధి దీపాలు, చెత్త బండ్ల డీజిల్, కాపులుప్పాడ డంపింగ్ యార్డులో పోగుపడే తడి చెత్త మన చేతిలోనే ఉన్నాయి. తడి చెత్త గుట్టల్లో కుళ్లి మీథేన్ వదులుతుంది, ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. పైపు లీకేజీ ఆపినా కరెంటు ఆదానే. ముడసర్లోవ రిజర్వాయర్ నీటి మీద తేలే 2 మెగావాట్ల సోలార్ ప్లాంటును ఒకసారి బస్సులో తీసుకెళ్లి చూపించండి, మన కార్పొరేషన్ ఇలాంటివి చేయగలదన్న నమ్మకం కళ్లతో చూస్తే కలుగుతుంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లోని 18 అంశాలు ఒక పేజీలో ప్రింట్ తీసి ఇవ్వండి. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, పారిశుధ్యం, ప్రజారోగ్యం, పట్టణ అడవులు అన్నీ అందులో ఉన్నాయి, కౌన్సిల్‌లో లేచి అడగడానికి అది ఆధారం.

చివరి గంట ఫైలు కోసం

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మొదలైన కార్బన్ లిటరసీ అనే ఒక రోజు శిక్షణ ఉంది, అక్కడి కౌన్సిళ్ల సిబ్బంది, కౌన్సిలర్లు చాలామంది తీసుకుంటారు. అందులో సర్టిఫికెట్ కావాలంటే ప్రతి ఒక్కరూ సొంతంగా చేసే పని ఒకటి, నలుగురితో కలిసి చేసే పని ఒకటి రాసి ఇవ్వాలి. ఆ పద్ధతిని మనం తీసుకోవచ్చు, అయితే "ప్లాస్టిక్ వాడను" లాంటివి ఒప్పుకోకండి. ఎవరి సీటులో వాళ్లు చేయగలిగింది రాయాలి. ప్లానింగ్ సెక్రటరీ అయితే గెడ్డ పక్క ప్లాట్లకి సైట్ ఇన్‌స్పెక్షన్‌లో వెడల్పు కొలిచి ఫొటో పెడతాననాలి, కార్పొరేటర్ అయితే ఫలానా కల్వర్టు మీద కౌన్సిల్‌కి ప్రతిపాదన ఇస్తాననాలి. హాల్లోనే కంప్యూటర్, ప్రింటర్ పెట్టించి ప్రతి టేబుల్ ఒక నోట్ తయారు చేయాలి: చోటు, ఫొటో, గోడ మీద గీత ఎత్తు, ఎన్ని ఇళ్లు, సుమారు ఖర్చు, ఏ పద్దు, ఎవరి సంతకం. జోనల్ కమిషనర్ చివరి గంటకైనా వచ్చి ఆ నోట్లు అందుకోవాలి, ఆయన టైమ్ ముందే తీసుకోండి.

మూడు నెలలకి అందరినీ మళ్లీ పిలిచి ఫైలు నంబర్లు అడగండి. ఆగిపోయిన ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో, ఎందుకు ఆగిందో అందరి ముందూ మాట్లాడుకోవాలి, తిట్టడానికి కాదు, చాలాసార్లు ఒక చిన్న క్వెరీ దగ్గర ఆగి ఉంటుంది. బదిలీ మీద వచ్చే కొత్త ఉద్యోగికి వార్డు మ్యాపు, నోట్ కాపీ చార్జ్ పేపర్లతో పాటే అప్పగించేలా సర్క్యులర్ వేయించండి. తర్వాతి విడత వార్డులకి శిక్షణ ఇచ్చే పనిని ఈ విడతలో ఫైలు కదిలించిన ఎమినిటీస్ సెక్రటరీకో శానిటేషన్ సెక్రటరీకో అప్పగించండి, మీరు పక్కన కూర్చుని అవసరమైన చోట సాయం చేస్తే చాలు.